హై లెవెల్ అలారం ఊరికే మోగుతోందా? రేంజి మాత్రం జరపకండి

"అన్నా, సెపరేటర్ లెవెల్ హై కొడుతోంది, ఉత్తదే, ఓసారి చూసి పో." కోనసీమ గ్యాస్ ప్లాంట్లోనూ, ఆ తర్వాత గల్ఫ్‌లోనూ ఇన్‌స్ట్రుమెంట్ పనిచేసిన ఇన్నేళ్లలో వాకీటాకీలో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. సెపరేటర్ అంటే గ్యాస్ నుంచి ద్రవాన్ని విడదీసే వెసెల్, అందులో ద్రవం మట్టం మరీ పెరిగిందని చెప్పేదే ఈ అలారం. అది ఉత్తదో కాదో చూసి చెప్పడానికే మనల్ని పిలిచారు కాబట్టి, తేలేదాకా అది నిజమైన అలారమే అనుకుని బయల్దేరండి.

టూల్ కిట్ పట్టుకునే ముందు ప్యానెల్ దగ్గర కాసేపు కూర్చోండి. ముందు చూడాల్సింది డ్రెయిన్ వాల్వు ఎంత తెరిచి ఉందో. లెవెల్ కొలిచి సిగ్నల్ పంపే అదే ట్రాన్స్‌మిటర్ మీద కంట్రోలర్ నడుస్తుంటే, లేని లెవెల్‌ను చూసి అది వాల్వును బార్లా తెరుస్తుంది. వెసెల్ ఖాళీ అయిపోయి, ద్రవం వెళ్లాల్సిన దారిలో హై ప్రెషర్ గ్యాస్ కింది లో ప్రెషర్ వెసెల్లోకి దూసుకుపోతుంది. తప్పుడు హై అలారంతో అసలు ప్రమాదం ఇదే, చెవులు హోరెత్తడం కాదు. కంట్రోలర్‌ను మాన్యువల్‌లో పెట్టించండి. ట్రిప్ (ప్లాంటును తనంతట తానే ఆపేసే ఏర్పాటు) ఉంటే, దాన్ని తాత్కాలికంగా పక్కన పెట్టే బైపాస్‌కు అనుమతి తీసుకుని, పెట్టిన టైముతో సహా రిజిస్టర్లో రాయించండి. పర్మిట్ చేతికొచ్చాకే ఫీల్డుకి.

ఈలోగా ట్రెండ్ చూడండి, సగం జబ్బు అక్కడే తెలిసిపోతుంది. గీత ఒక్కసారిగా నిలువుగా లేచి 100 దాటి అక్కడే కూర్చుందంటే వైరింగో, ట్రాన్స్‌మిటరో. లూప్‌లో (ట్రాన్స్‌మిటర్ సిగ్నల్ నడిచే వైర్ల జతలో) 21 మిల్లీ ఆంప్స్ పైన కనిపిస్తే, చాలా ట్రాన్స్‌మిటర్ల విషయంలో అది "నేను పాడయ్యాను" అని చెప్పే సిగ్నలే. వెసెల్ ప్రెషర్ పెరిగినప్పుడల్లా లెవెల్ కూడా పెరుగుతుంటే ఎల్‌పీ వైపు ట్యాపింగ్ (వెసెల్ పైభాగం నుంచి ట్రాన్స్‌మిటర్ లో ప్రెషర్ వైపుకి వచ్చే దారి) మూసుకుపోయిందని అనుమానించండి. రోజుకు కొంచెం చొప్పున పాకుతుంటే వెట్ లెగ్, అంటే ఆ ఎల్‌పీ వైపు ద్రవం నింపి ఉంచే ట్యూబు. వాన పడ్డప్పుడే వణుకుతుంటే జంక్షన్ బాక్స్.

ఫీల్డులో మొదటి సాక్షి గేజ్ గ్లాస్, వెసెల్ లెవెల్ కంటికి కనిపించే గాజు. దాన్నీ గుడ్డిగా నమ్మకండి. కాస్త డ్రెయిన్ చేసి, ద్రవం మళ్లీ అదే గీత దగ్గరికి చురుగ్గా వస్తోందా చూడండి. బద్ధకంగా వస్తోందంటే ట్యాపింగ్ మైనంతోనో మట్టితోనో పూడుకుపోతోంది. కాక్ నెమ్మదిగా తిప్పండి, ఒక్కసారిగా తిప్పితే లోపలి బంతి వెళ్లి సీటుకు అతుక్కుంటుంది. గేజ్ గ్లాసూ ట్రాన్స్‌మిటరూ ఒకే బ్రిడిల్ (వెసెల్ పక్కన నిలువుగా కట్టిన పైపు) మీద ఉంటే ఇద్దరూ కలిసి ఒకే అబద్ధం చెప్పొచ్చు, అదీ గుర్తుంచుకోండి.

ఇక వెట్ లెగ్. ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. మా కండెన్సేట్ (గ్యాస్ నుంచి విడిపడే తేలికైన ద్రవం) సెపరేటర్‌కు డీపీ ట్రాన్స్‌మిటర్, అంటే రెండు వైపుల ప్రెషర్ తేడాతో లెవెల్ కొలిచేది, ట్యాపింగుల మధ్య 1500 మిల్లీమీటర్లు. ఎల్‌పీ లెగ్‌లో గ్లైకాల్, సాంద్రత 1.1. కండెన్సేట్ 0.7. గ్యాస్ బరువు వదిలేస్తే, వెసెల్ ఖాళీగా ఉన్నప్పుడు ఆ తేడా నీటి మట్టంలో మైనస్ 1650 మిల్లీమీటర్లు, నిండినప్పుడు మైనస్ 600. అంటే స్పాన్ (0 నుంచి 100 శాతం దాకా ఉన్న మేర) 1050. లెగ్‌లో గ్లైకాల్ 300 మిల్లీమీటర్లు తగ్గితే రీడింగ్ 330 పైకి జరుగుతుంది, దాదాపు 31 శాతం. నిజంగా 50 ఉన్నది 81 చూపిస్తుంది. మా అలారం 80 దగ్గర.

మొదటిసారి మోగినప్పుడు నేను గేజ్ గ్లాస్ చూసి, "ట్రాన్స్‌మిటర్ డ్రిఫ్ట్ అయింది" అని తీర్మానించి, హార్ట్ కమ్యూనికేటర్ (ట్రాన్స్‌మిటర్ సెట్టింగులు మార్చే చేతి పరికరం) పెట్టి రేంజి అంకెలు, అంటే ఎంత తేడాకు 0, ఎంతకు 100 చూపాలో చెప్పేవి, జరిపేశాను. అలారం ఆగింది, ఆపరేటర్ టీ ఇప్పించాడు. వారానికి మళ్లీ మోగింది, మళ్లీ జరిపాను. మూడోసారికి నేను సెలవులో ఉన్నాను. వేరే షిఫ్టు టెక్నీషియన్ లెగ్‌లో గ్లైకాల్ తగ్గిందని కనిపెట్టి నింపాడు. చేసింది సరైన పనే. కానీ నేను జరిపిన రేంజి అలాగే ఉంది. దాంతో రీడింగ్ అంత మేరా కిందికి పడిపోయింది. నిజంగా 80 ఉన్నా తెర మీద 50 చూపించే ట్రాన్స్‌మిటర్‌ను తయారుచేసి పెట్టాన్నమాట. గేజ్ గ్లాస్ రౌండ్‌లో ఆపరేటర్ కుర్రాడు పట్టుకోబట్టి బతికిపోయాం.

అందుకే చెప్తున్నాను, డేటా షీట్‌లో ఉన్న అంకెలకూ ట్రాన్స్‌మిటర్‌లో ఉన్న అంకెలకూ తేడా ఉంటే ముందు ఆ తేడా ఎవరు, ఎందుకు పెట్టారో తేల్చండి. తర్వాత లెగ్ పైనుంచి కిందిదాకా ఫిట్టింగులు తడిమి చూడండి. మాది డ్రెయిన్ ప్లగ్గు దగ్గర చెమ్మ, వేలికి జిడ్డుగా తగిలేంత, అంతే. మ్యానిఫోల్డ్‌లో (ట్రాన్స్‌మిటర్ ముందుండే వాల్వుల దిమ్మెలో) రెండు వైపులనూ కలిపే ఈక్వలైజింగ్ వాల్వు లీకైనా ఇదే కథ. లెగ్ బరువు వెసెల్ వైపుకి దిగిపోతుంది. ఆ వాల్వు పూర్తిగా తెరిస్తే తేడా 0, అంటే ఈ లెక్కలో 100 శాతానికి ఎంతో పైన. సరిచేశాక లెగ్ నింపి, గాలి బుడగలు పూర్తిగా పోయేదాకా ఆగండి.

వానాకాలం సంగతి వేరు. కేబుల్ గ్లాండు బాక్స్ పైభాగాన ఉందంటే నీళ్లు పిలవకుండానే వస్తాయి. తడిసిన టెర్మినళ్ల మధ్య కారే కరెంటు లూప్ కరెంటుకు కలుస్తుంది, లెవెల్ పెరిగినట్టు కనిపిస్తుంది. పచ్చగా పట్టిన టెర్మినల్ మార్చండి, కేబుల్‌కు కిందికి ఒక వంపు ఇచ్చి గ్లాండును అడుగు నుంచి తీసుకోండి. మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) పెట్టాలంటే కేబుల్ రెండు చివరలా విప్పాలి, గ్యాస్ టెస్ట్ లేకుండా అసలు వద్దు. లెవెల్ స్విచ్‌కైతే వైరు తెగినా అలారమే వస్తుంది, అలా వచ్చేలాగే కడతారు కాబట్టి స్విచ్ విప్పే ముందు స్క్రూలు బిగించి చూడండి.

గైడెడ్ రాడార్ (ప్రోబ్ వెంట తరంగం పంపి, తిరిగొచ్చే ఎకోతో లెవెల్ కొలిచేది) అయితే ఎకో కర్వ్ చూడకుండా చెయ్యి పెట్టొద్దు. పైన నాజిల్ దగ్గర ప్రోబ్‌కు మైనం అంటుకుంటే దాన్నే ద్రవం అనుకుంటుంది. థ్రెషోల్డ్ (ఎంత బలమైన ఎకోను లెక్కలోకి తీసుకోవాలో ఆ హద్దు) పెంచితే అలారం పోతుంది గానీ, కండెన్సేట్ ఎకో అసలే బలహీనం, అదీ పోవచ్చు. ప్రోబ్ తీసి తుడవడమే మందు. డిస్‌ప్లేసర్ (ద్రవంలో మునిగి, తగ్గిన బరువుతో లెవెల్ చెప్పే దిమ్మ) రాడ్ నుంచి ఊడి పడిపోతే ఫుల్ లెవెల్ చూపిస్తుంది. కండెన్సేట్ బదులు నీళ్లొచ్చినా, 0.7కు కాలిబ్రేట్ చేసింది ఎక్కువే చూపిస్తుంది. అది సెన్సర్ తప్పు కాదు, ప్రాసెస్ వాళ్లకు చెప్పండి.

ఏమీ దొరక్కపోతే, లెవెల్ అలారం గీత దగ్గరే ఊగుతుంటే, 5 శాతం డెడ్‌బ్యాండు (అలారం ఆగాలంటే లెవెల్ గీత కింద ఎంత దిగాలో ఆ మేర), 60 సెకన్ల ఆలస్యం అలారానికి సాధారణంగా మొదలుపెట్టే విలువలు. వాటినీ మార్పు అనుమతి తీసుకునే పెట్టాలి, ట్రిప్‌కు మాత్రం ఆలస్యం జోలికి పోకండి. 1998 సెప్టెంబరు 25న ఆస్ట్రేలియాలో లాంగ్‌ఫర్డ్ గ్యాస్ ప్లాంట్ పేలి ఇద్దరు చనిపోయారు. దానికి ముందు అక్కడ అబ్సార్బర్ అడుగున కండెన్సేట్ మట్టం కొలత దాటిపోయింది. అలారాల మధ్యే పని చేయడం అక్కడి ఆపరేటర్లకు అలవాటైపోయిందని విచారణ కమిషన్ రాసింది.

పనయ్యాక గేజ్ గ్లాస్ పక్కన ఒకరిని నిలబెట్టి, నిజంగా లెవెల్ కదిపి రెండూ కలిసి కదులుతున్నాయో చూడండి. బైపాస్ తీయించి, సంతకం పెట్టించండి. లాగ్‌బుక్‌లో "సరిచేయడమైనది" అని వదిలేయకుండా, లెగ్‌లో ఎంత గ్లైకాల్ పోశారో మిల్లీలీటర్లలో రాయండి. సీల్ పాట్ (లెగ్ పైన అదనపు ద్రవం పట్టే గిన్నె) లేని మా అరంగుళం ట్యూబులో ఆ 300 మిల్లీమీటర్లు అంటే పాతిక మిల్లీలీటర్లు కూడా కాదు. చాయ్ గ్లాసులో పావు వంతు.