గ్రీన్ స్క్రీన్ పాఠం 3: ముందు గుడ్డకు దూరం జరగండి

పచ్చగుడ్డ ముందు తీసిన వీడియోలో ఆ పచ్చను తీసేసి వేరే బ్యాక్‌గ్రౌండ్ పెట్టడం ఈసారి చెప్పాలి. కానీ రెండో పాఠం చదివి మీరు పంపిన క్లిప్పులు చూశాక దాన్ని వాయిదా వేస్తున్నాను. గుడ్డ మీద వెలుతురు సమంగా పడాలని చెప్పాను, అది చాలామంది చక్కగా చేశారు. గోడౌన్ స్ట్రీట్‌లో మీటర్ల లెక్కన తెచ్చిన చిలకపచ్చ కాటన్ సరిగ్గా పనికొస్తుంది. శాటిన్ తెచ్చినవాళ్లు మాత్రం దాన్ని వేరే పనికి వాడుకోండి. లైటు ఎటు తిప్పినా దాని మీద తెల్లటి మెరుపు పోదు.

ఇబ్బందంతా మీరు నిలబడ్డ చోట ఉంది. గుడ్డను గోడకు కట్టి, దానికి వీపు ఆనేంత దగ్గరగా నిలబడ్డారు. వడపళనిలో, కోడంబాక్కంలో అద్దె గదులు ఎంత ఇరుకో నాకు తెలుసు. అయినా గుడ్డకూ మీకూ మధ్య కనీసం ఆరడుగులు ఉండాలి. మంచం బయట పెట్టండి, గదిలో మూల నుంచి మూలకు తీయండి, లేదంటే మేడ మీదకు వెళ్లండి.

ఎందుకంటే, లైటు పడిన పచ్చగుడ్డ తనూ ఒక పెద్ద పచ్చలైటు అయిపోతుంది. దాని వెలుగు మీ భుజాల మీద, చెవుల అంచుల మీద, నూనె రాసిన జుట్టు మీద పడుతుంది. దీన్నే స్పిల్ అంటాం. ఒకరు పంపిన క్లిప్‌లో కంచిపట్టు చీర జరీ అంచు పొడవునా పచ్చరంగు ఎక్కింది. కీ వేయగానే, అంటే ఎడిటింగ్‌లో పచ్చరంగును తీసేయగానే, గుడ్డతో పాటు జరీ కూడా పోయి, అంచంతా చిల్లులు పడింది. కళ్లద్దాలు, గాజులు, స్టీలు గ్లాసు, అన్నిటిదీ ఇదే కథ. ఆకుపచ్చ చీరే కట్టుకోవాలంటే నీలం గుడ్డ వాడండి. రాత్రి సీన్లకు నేనెప్పుడూ నీలమే వాడతాను. కాస్త స్పిల్ మిగిలినా చీకట్లో వెన్నెలలా కలిసిపోతుంది. ఫోన్ కెమెరాలకు మాత్రం మామూలుగా పచ్చే నయం. సెన్సార్‌లో ప్రతి నాలుగు పిక్సెళ్లలో రెండు పచ్చకే ఉంటాయి కాబట్టి నాయిస్, అంటే బొమ్మలో చుక్కచుక్కల గరుకుదనం, తక్కువ.

ఇప్పుడు నాకు బాగా కోపం తెప్పించే పని. జుట్టు చుట్టూ పచ్చ అంచు కనిపించగానే అందరూ టాలరెన్స్ స్లైడర్ (పచ్చకు దగ్గరి రంగులు ఎంతవరకు తీసేయాలో చెప్పేది) పట్టుకుని కుడివైపు లాగుతున్నారు. అంచు పోతుంది, దాంతో పాటు జుట్టూ పోతుంది. తల కత్తెరతో కత్తిరించినట్టు తయారవుతుంది. కీ వేశాక ముందు రంగు బొమ్మ చూడకండి, మ్యాట్ చూడండి, అంటే ఏది మిగిలిందో ఏది పోయిందో నలుపు తెలుపుల్లో చూపే బొమ్మ. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో కీ వేసే ఎఫెక్ట్ కీలైట్‌లో వ్యూని స్క్రీన్ మ్యాట్‌కి మార్చండి. డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు దానిలోని ఫ్యూజన్ పేజీలో డెల్టా కీయర్ మ్యాట్ చూడండి, ఉచిత వెర్షన్‌లోనూ ఉంది. మ్యాట్‌లో తెలుపు మిగిలేది, నలుపు పోయేది, బూడిదరంగు సగం సగం. ముఖం, బట్టలు పూర్తి తెల్లగా, గుడ్డ పూర్తి నల్లగా ఉండాలి. జుట్టు కొసలు మాత్రం బూడిదరంగులోనే ఉండాలి. స్లైడర్ లాగిన ప్రతిసారీ మీరు చంపేస్తున్నది ఆ బూడిదరంగునే. స్పిల్ తీయడానికి వేరే కంట్రోల్ ఉంది. అది రంగును మాత్రమే మారుస్తుంది, మ్యాట్‌ను ముట్టుకోదు. ముందు మ్యాట్, తర్వాత స్పిల్. ఈ వరుస మార్చకండి.

అంచులు గళ్లు గళ్లుగా వస్తున్నాయన్నవాళ్లకు ఒక దారి. చాలా ఫోన్లు రంగు సమాచారాన్ని నాలుగు పిక్సెళ్లకు ఒకటి చొప్పునే దాస్తాయి. అంటే 1920×1080 వీడియోలో రంగు ఉండేది 960×540 మేరకే. 4కేలో తీసి 1080 టైమ్‌లైన్‌లో వేసుకోండి, ప్రతి పిక్సెల్‌కూ రంగు దొరుకుతుంది. ఆ క్లిప్పును వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపుకుంటే ఈ శ్రమంతా వృథా. కేబుల్‌తోనే కంప్యూటర్‌లోకి ఎక్కించండి.

కెమెరా షట్టర్ స్పీడ్‌ను 1/100 సెకను దగ్గర లాక్ చేయండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి లైట్లు మిణుకుమనవు, చేతులు ఊపినా మసక తక్కువ. తీసేంతసేపూ ఫ్యాన్ ఆపేయాలి. చెన్నైలో ఇది ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు, కానీ గుడ్డ అంచు కదిలితే నీడ కూడా కదులుతుంది. చెమట మెరిస్తే ముఖం మీదా పచ్చ పట్టుకుంటుంది, అందుకని టేక్ టేక్‌కీ మధ్య తువ్వాలుతో తుడుచుకోండి.

అభ్యాసం: జుట్టు విరబోసుకున్న మనిషిని, వీలైతే జరీ చీరలో, గుడ్డకు రెండు, నాలుగు, ఏడు అడుగుల దూరంలో నిలబెట్టి మూడు క్లిప్పులు తీయండి. ప్రతిదాంట్లో తల తిప్పాలి, చెయ్యి ఊపాలి. గుడ్డ లైట్లు కదపొద్దు, మనిషి మీది లైటు మాత్రం మనిషితో పాటే జరగాలి. మూడింటికీ ఒకే కీ సెట్టింగులు వేసి, మ్యాట్‌లు పక్కపక్కన పెట్టి, చెవి పక్కన జుట్టు ఎక్కడ తెగుతోందో రాసుకోండి. నాకు ఆ మూడు మ్యాట్‌ల స్క్రీన్‌షాట్లే పంపండి, డాక్యుమెంట్‌గా. బ్యాక్‌గ్రౌండ్ పెట్టిన వీడియోలు ఈసారి చూడను.