గిన్నె నలుపు వదలట్లేదా? సోడా డబ్బా తీసే ముందు ఇది చూడండి

ఎంత తోమినా వదలట్లేదంటూ గిన్నె చూపించిన ప్రతివాళ్లనీ నేను ముందు అడిగేది ఇదే: అది స్టీలా, సిల్వరా? సిల్వర్ అంటే వెండి కాదు, మన ఇళ్లల్లో అల్యూమినియాన్ని అలాగే అంటాం కదా. చేత్తో ఎత్తితే తెలిసిపోతుంది, అదే సైజు స్టీలు గిన్నె కంటే బాగా తేలిక. ఈ ఒక్కటి చూడకుండా గంటలకొద్దీ తోముతారు.

అడుగున నలుపు, వేలికి అంటుతోంది

అది మసి. తప్పు గిన్నెది కాదు, స్టవ్‌ది. మంట పసుపుగా వస్తోందంటే చాలావరకు బర్నర్ రంధ్రాలు పూడుకుపోయినట్టే. చల్లారాక తీసి, పిన్నుతో పొడిచి, కడిగి బాగా ఆరబెట్టండి. మంట నీలంగా మారేదాకా రోజూ తోముతూనే ఉంటారు.

గోధుమరంగు మరకలు, చెయ్యి వేస్తే బంకగా ఉంది

నూనె. సరిగ్గా పోని జిడ్డు మళ్లీ మళ్లీ కాలి వార్నిష్‌లా గట్టిపడుతుంది, పిడి దగ్గర మేకుల చుట్టూ మరీ ఎక్కువ. స్టీలు అయితే మునిగేంత వేడినీళ్లలో రెండు చెంచాల వంటసోడా వేసి పావుగంట మరిగించి, చల్లారాక పీచుతో తోమండి. మొండిది రెండో రోజుకి వదులుతుంది. సోడాలో నిమ్మరసం పిండితే నురగ భలే వస్తుంది గానీ రెండూ ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి, కలపొద్దు.

లోపలంతా నల్లగా ఉంది, గీకినా ఏమీ రాదు

నేను దెబ్బతిన్నది ఇక్కడే. మా అత్తయ్యగారి పాత సిల్వర్ కళాయికి జిడ్డు పట్టిందని వాషింగ్ సోడా వేసి మరిగించాను. సన్నటి బుడగలు లేస్తుంటే మురికి వదులుతోందని మురిసిపోయి ఇంకో చెంచా వేశాను. ఆ బుడగలు హైడ్రోజన్. సోడా ముందు అల్యూమినియం మీదుండే సన్నని రక్షణ పొరని, తర్వాత లోహాన్నే తినేస్తుంది. పారబోసి చూస్తే కళాయి బూడిదరంగుకి తిరిగి మచ్చలు మచ్చలుగా ఉంది, జిడ్డు పోయింది, మెరుపూ పోయింది. దాన్ని చూసి సరిగా వదల్లేదనుకుని మళ్లీ సోడా వేసేవాళ్లని చాలామందిని చూశాను. సిల్వర్ కుక్కర్ లోపల అడుగు నల్లబడేదీ ఇంచుమించు ఇలాగే, సోడాలాగే క్షారగుణం ఉండే బోరు నీళ్లు అందులో రోజూ మరుగుతాయి కాబట్టి. డిష్‌వాషర్ పౌడర్ కూడా ఘాటే, సిల్వర్ గిన్నెలు అందులో పెట్టనే వద్దు.

ఈ నలుపుకి పులుపే మందు. నలుపు మునిగేదాకా నీళ్లు పోసి, నిమ్మకాయంత చింతపండు వేసి పావుగంట మరిగించండి, నీళ్లు నల్లబడి లోపల తెల్లబడుతుంది. ఆ నీళ్లు పారబోయండి, రాత్రంతా ఉంచొద్దు. ఇకమీదట కుక్కర్ అడుగు నీళ్లలో చిన్న చింతపండు రెబ్బో పిండేసిన నిమ్మచెక్కో వేస్తే చాలు. సోడా తిన్న మచ్చలు మాత్రం పూర్తిగా పోవు.

స్టీలు మీద ఇంద్రధనుస్సు రంగులు కనిపిస్తే వెనిగర్‌తో తుడవండి, తెల్ల మచ్చలకీ అదే. ఉప్పు పడి ఏర్పడిన గుంటలు పోవు, వదిలేయండి. నాన్‌స్టిక్ పూత లేచిపోతుంటే పారేయండి.

ఇనుప పెనం మీద నున్నగా పట్టిన నలుపు మురికి కాదు, దాన్ని తోమేస్తే మర్నాడు అట్టు లేవదు.