జాన్ జువాంగ్ సాధనలో చేతులను సరిగ్గా నిలపడం ఎలా?

చైనా సంప్రదాయ యుద్ధవిద్యల్లో చేతుల అమరిక చాలావరకు మోచేతి మీదే ఆధారపడి ఉంటుంది. తైచీలో యాంగ్ శైలికి ప్రాచుర్యం తెచ్చిన యాంగ్ చెంగ్‌ఫు (1883–1936) చెప్పిన పది సూత్రాల్లో, భుజాలు దించి మోచేతులు వాల్చాలన్నది ఒకటి. చదవడానికి తేలికగా కనిపించే ఈ నియమాన్ని ఒంటికి పట్టించుకోవాలంటే, కదలకుండా నిలబడి చేసే జాన్ జువాంగ్‌ను మించిన సాధన లేదని నా అభిప్రాయం. చైనా యుద్ధవిద్యా గురువు వాంగ్ షియాంగ్‌జాయ్ తాను రూపొందించిన యీచువాన్ అనే యుద్ధవిద్యా పద్ధతికి దీన్నే పునాదిగా చేసుకున్నారు.

ముందు కాళ్లు

పాదాలను భుజాల వెడల్పున, ఒకదానికొకటి సమాంతరంగా ఉంచాలి. మోకాళ్లను కొద్దిగా వంచాలి గానీ అవి కాలివేళ్లను దాటి ముందుకు రాకూడదు. నడుము కింది భాగాన్ని వెనక్కి విరవకుండా వదులు చేసి, తలను నిటారుగా నిలపాలి.

తర్వాత చేతులు

చేతులను పక్కలకు వేలాడదీసి, భుజాలను ఒకసారి చెవుల దాకా ఎగరేసి వదిలేయండి. అవి ఎక్కడికి దిగాయో గమనించి, ఆ స్థానం చెదరకుండా చేతులను నెమ్మదిగా ఛాతీ ఎత్తుకు లేపి, లావుపాటి చెట్టును కావలించుకున్నట్టు గుండ్రంగా నిలపండి. అరచేతులు ఛాతీ వైపు ఉండాలి. రెండు చేతుల వేళ్ల కొసల మధ్య సుమారు రెండు పిడికిళ్ల ఎడం చాలు. మోచేతులు మణికట్టు కన్నా కాస్త కిందికి ఉండాలి, చంకలో పిడికిలి పట్టేంత ఖాళీ మిగలాలి.

కొత్తవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే. మోచేయి పైకి లేస్తే దానితోపాటు భుజం లేస్తుంది, మెడ కండరాలు బిగుసుకుంటాయి, ఊపిరి ఛాతీ పైభాగంలోనే ఆగిపోతుంది. అలాగని పక్కటెముకలకు అతికిస్తే, ఎదుటివారి ఒత్తిడిని తట్టుకునే జాగా లేక చేయి ఛాతీ మీదికి కుప్పకూలుతుంది.

సరిచూసుకోవడం

తోటివారిని మీ ముంజేతి మీద అరచేయి ఆనించి, ఛాతీ వైపు మెల్లగా నొక్కమనండి. భుజం లేచినా, నడుము పైభాగం వెనక్కి వాలినా మోచేతిని దించి మళ్లీ ప్రయత్నించాలే తప్ప కండబలంతో ఎదురు నెట్టకూడదు. అమరిక కుదిరినప్పుడు ఆ ఒత్తిడి అరికాళ్ల కింద తెలుస్తుంది.

మొదట్లో రెండు మూడు నిమిషాలు చాలు. భుజాల కండరాలు మండటం సహజమే. అప్పుడు చేతులను బొడ్డు ఎత్తుకు దించి కొనసాగించవచ్చు. మోకాలిలోగానీ భుజం కీలులోగానీ నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా వెంటనే ఆపేయాలి.

ఇక కదలిక

భుజం తుంటితో, మోచేయి మోకాలితో, చేయి పాదంతో పొందిక కలిగి ఉండాలని షింగ్‌యీచువాన్ అనే మరో చైనా యుద్ధవిద్య సాధకులు చెబుతారు. దీన్ని పరీక్షించడానికి చేతుల గుండ్రం చెదరకుండా నడుమును కొద్దిగా ఎడమకు, తర్వాత కుడికి తిప్పండి. మోకాళ్లను మాత్రం మెలితిప్పవద్దు. తిరుగుతున్నంతసేపూ ముక్కు, రొమ్ము ఎముక, రెండు అరచేతుల నడిమి ఖాళీ ఒకే వరుసలో ఉండాలి. ఛాతీ కన్నా ముందే చేతులు పక్కకు చేరితే, అవి నడుమును వదిలి విడిగా ఊగుతున్నట్టే లెక్క. అప్పుడు తిరిగే మేరను సగానికి తగ్గించి సాధన చేయాలి.