వానాకాలానికి మిరియాల చారు

గుంటూరులో వానలు మొదలయ్యాక జలుబూ జ్వరాలూ ఇంటింటికీ తిరుగుతాయి. ఏ చారూ వాటిని రాకుండా ఆపలేదు. కానీ మిరియాల చారు గొంతుకు హాయినిస్తుంది, ఒంట్లో నీరు తగ్గకుండా చూస్తుంది. అందుకోసమే చేసుకోండి.

నలుగురికి నిమ్మకాయంత చింతపండు ముప్పావు లీటరు నీళ్లలో నానబెట్టి పిసకాలి. చెంచా మిరియాలు, చెంచా జీలకర్ర, ఆరు వెల్లుల్లి రెబ్బలు కచ్చాపచ్చాగా దంచాలి. మెత్తగా నూరితే ఘాటు మితిమీరుతుంది. పులుసులో పావు చెంచా పసుపు, ఉప్పు, కరివేపాకు వేసి మరిగించి, దంచినది చివర్లో కలిపి, ఒక్క పొంగు రాగానే దించండి. ఇంకా మరిగితే మిరియాల వాసన పోయి చేదు దిగుతుంది. నేతి పోపు తప్పనిసరి: పసుపులోని కర్‌క్యుమిన్ అనే పదార్థం ఒంటబట్టాలంటే కొవ్వూ మిరియమూ కావాలి. దుగ్గిరాల పసుపు కొమ్ములు కొని ఆడించుకుంటే రంగు కల్తీ భయం తగ్గుతుంది.

కార్తీకంలో ఉసిరికాయ రోజుకొకటి పచ్చిదే తినండి. ఉడికిస్తే విటమిన్ సి తగ్గుతుంది. పెద్దలకు 7 గంటల నిద్ర వీటన్నిటికంటే ముఖ్యం.

ఏడాదిలోపు పిల్లలకు తేనె నాకించవద్దు. రక్తం పల్చబడే మందులు వాడేవారు డాక్టరును అడగకుండా పసుపు మాత్రలు వేసుకోకూడదు. జ్వరం రెండు రోజులు దాటితే డాక్టరుకు చూపించి డెంగీ పరీక్ష చేయించండి. అప్పటిదాకా ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ జోలికి పోవద్దు.