వేడినీటి బుగ్గలోని థర్మస్ బ్యాక్టీరియాను పెంచే విధానం

అమెరికాలోని ఎల్లోస్టోన్ జాతీయ పార్కులో, మష్రూమ్ స్ప్రింగ్ అనే వేడినీటి బుగ్గ నుంచి 1966లో సూక్ష్మజీవ శాస్త్రవేత్త థామస్ బ్రాక్, ఆయన విద్యార్థి హడ్సన్ ఫ్రీజ్ సేకరించిన నమూనాలో థర్మస్ అక్వాటికస్ అనే వేడిని ఇష్టపడే బ్యాక్టీరియా దొరికింది. అది అంతకుముందు ఎవరి కంటా పడకపోవడానికి కారణం అరుదుగా ఉండటం కాదు. అంతవరకు చాలామంది ఇంక్యుబేటర్‌ను (సూక్ష్మజీవులను ఒకే వేడిలో పెంచే పెట్టెను) 55 డిగ్రీల సెల్సియస్ దగ్గర పెట్టేవారు. ఆ వేడిలో సిద్ధబీజాలు (వేడిని తట్టుకునే గట్టి పొరగల విశ్రాంతి కణాలు) ఏర్పరచే బాసిల్లస్ అనే బ్యాక్టీరియా జాతులు ముందుగా పెరిగి మిగతావాటికి చోటు లేకుండా చేస్తాయి. కాబట్టి మీరు చేయవలసిన మొదటి పని ఇంక్యుబేటర్‌ను 70 డిగ్రీల దగ్గర నిలపడం.

బుగ్గ ఎవరి అధీనంలో ఉందో వారి అనుమతి తీసుకున్నాకే నమూనా సేకరించండి. అంచున నేల పైకి గట్టిగా కనిపించినా కింద మరిగే నీరు ఉండవచ్చు కనుక దగ్గరకు వెళ్లకుండా, పొడవాటి కర్రకు కట్టిన శుద్ధిచేసిన సీసాతో నీటినీ, రాళ్లకు పట్టిన జిగురు పొరనూ తీసుకోండి. తీసిన చోటే ఉష్ణోగ్రత, పీహెచ్ రాసిపెట్టుకోండి. తటస్థానికి దగ్గరగా లేదా కొద్దిగా క్షారంగా ఉన్న నీరు దీనికి అనుకూలం. దారిలో నమూనాను వేడిగా ఉంచవలసిన అవసరం లేదు.

పోషక ద్రావణం విషయంలోనే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. ఈ జీవులు పలుచని తిండికి అలవాటుపడ్డవి. మామూలు ల్యాబ్ ద్రావణంలోని చిక్కదనమే వాటి పెరుగుదలను ఆపేస్తుంది. ఖనిజ లవణాలు కలిపిన నీటిలో ట్రిప్టోన్ (జీర్ణం చేసిన ప్రోటీన్ పొడి), ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ (ఈస్ట్ సారం) ఒక్కొక్కటి 0.1 శాతం మాత్రమే వేసి, పీహెచ్‌ను 7.5 దగ్గరకు తెచ్చి, శుద్ధిచేసి వాడండి. దీనికి ఆక్సిజన్ తప్పనిసరి, వేడి నీటిలో అది తక్కువగా కరుగుతుంది. అందుకే ఫ్లాస్కులో ద్రావణాన్ని అడుగున పలుచగానే పోసి, నమూనా కొద్దిగా కలిపి, 70 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో ఉంచండి.

ద్రావణం మసకబారాక, అదే ద్రావణాన్ని 3 శాతం ఆగార్‌తో (సముద్రపు నాచు నుంచి తీసే, గడ్డకట్టించే పదార్థంతో) గట్టిపరచిన పళ్లేలపై, ఆ మసక ద్రావణంలో ముంచిన తీగతో గీతలు గీయండి. 70 డిగ్రీలలో ఆగార్ త్వరగా ఎండి పగుళ్లిస్తుంది. పళ్లేలను బోర్లించి ప్లాస్టిక్ సంచిలో చుట్టి, ఇంక్యుబేటర్ అడుగున ఒక గిన్నెడు నీళ్లు పెడితే తేమ నిలుస్తుంది. పసుపు రంగు కాలనీలు కనిపిస్తే సంతోషించవచ్చు, కానీ అప్పుడే పేరు ఖాయం చేయకండి. గ్రామ్ రంజనం (బ్యాక్టీరియాను రెండు రకాలుగా వేరుచేసే రంగు పరీక్ష) చేసి సూక్ష్మదర్శినిలో చూడండి: గులాబీ రంగులో కనిపించే గ్రామ్ నెగటివ్ కడ్డీలు, పొడవాటి తంతువులు ఉండి, సిద్ధబీజాలు లేకపోతే థర్మస్ కావచ్చు, మెరిసే సిద్ధబీజాలు కనబడితే మళ్లీ బాసిల్లస్సే పెరిగిందని అర్థం. అప్పుడు ఇంక్యుబేటర్ లోపల వేరే థర్మామీటర్ పెట్టి అసలు వేడి ఎంతో సరిచూసుకోండి.

బుగ్గ అందుబాటులో లేని విద్యార్థులు నిరుత్సాహపడనక్కరలేదు. నీటిని ఎప్పుడూ వేడిగా నిలిపి ఉంచే హీటర్ ట్యాంకులలోనూ థర్మస్ జాతులు ఉంటాయని బ్రాక్ బృందమే చూపింది. ఆ నీటితోనూ ఇదే పద్ధతిలో ప్రయత్నించవచ్చు.