స్వరాల పేర్లు, 4వ పాఠం: స అంటే సీ కాదు

పోయిన పాఠంలో ఒక పట్టిక ఇచ్చాను. పైన స రి గ మ ప ద ని, కింద పాశ్చాత్యుల పేర్లు సీ డీ ఈ ఎఫ్ జీ ఏ బీ. పేర్లు పోల్చుకోడానికే ఇచ్చానని ఒక్క ముక్క రాసుంటే సరిపోయేది. రాయలేదు. చాలామంది కీబోర్డు మీద తెల్లమెట్లు వరసగా నొక్కుతూ సరళీ వరుసలు (కర్ణాటక సంగీతంలో మొదటి పాఠాలు) సాధన చేశారు. ఒకావిడ వాయిస్తుంటే వంటింట్లోంచి అత్తగారు, "అమ్మాయ్, శంకరాభరణం ఎప్పుడు మొదలెట్టావు?" అన్నారట. అత్తగారిదే రైటు, సీ నుంచి తెల్లమెట్లు వరసగా నొక్కితే వచ్చేది శంకరాభరణం రాగమే. సరళీ వరుసలు మాయామాళవగౌళ రాగంలో కదా నేర్పేది. తప్పు నాది.

ముందు అది సరిచేద్దాం. తెల్లవీ నల్లవీ ఏదీ వదలకుండా మెట్లు లెక్కపెట్టండి. నా కొండగుర్తు: 1-3-1, మధ్యలో 2, మళ్లీ 1-3-1. స నుంచి ఒక మెట్టు ఎక్కితే రి, మూడెక్కితే గ, ఒకటెక్కితే మ. రెండెక్కితే ప. అక్కణ్ణుంచి పై స దాకా మళ్లీ అదే. శుద్ధ, అంతర, కాకలి అని 16 పేర్లు బట్టీ పట్టేలోపే రాగం చేతికొచ్చేస్తుంది. (పేర్లు 16, స్థానాలు 12. ఆ పేచీ తర్వాత.)

సీ దగ్గర స పెడితే: సీ, సీ షార్ప్ (సీకి కుడిపక్క నల్లమెట్టు), ఈ, ఎఫ్, జీ, జీ షార్ప్, బీ. జీ దగ్గరైతే: జీ, జీ షార్ప్, బీ, సీ, డీ, డీ షార్ప్, ఎఫ్ షార్ప్. ఐదున్నర శ్రుతివాళ్లకి, అంటే జీ షార్ప్ దగ్గర స పెట్టి పాడేవాళ్లకి: జీ షార్ప్, ఏ, సీ, సీ షార్ప్, డీ షార్ప్, ఈ, జీ. వేళ్లు ఎక్కడెక్కడికో పోయాయి, రాగం మాత్రం అదే.

ఇక నాకు ఒళ్లు మండే సంగతి. కీబోర్డు మీద స రి గ మ స్టిక్కర్లు అంటించుకున్నారా? ఇప్పుడే పీకేయండి. సీ అనేది మెట్టు పేరు, ఎవరు పాడినా దాని చోటు అదే. స మీ గొంతు ఎక్కడ కూర్చుంటే అక్కడ. కీబోర్డు మధ్యలో ఉండే 'ఏ' మెట్టంటే సెకనుకి 440 కంపనాలని ఇవాళ వాడుకలో ఉన్న లెక్క. స కి అలా అంకె చెప్పమనండి, ఎవరూ చెప్పలేరు. మన శ్రుతి అంకెలు మాత్రం సీ లాగే కదలవు: ఒకటి సీ, రెండు డీ, అలా ఏడు బీ. నల్లమెట్టుకి అర కలుపుతాం. మూడున్నర శ్రుతి అని ఎవరూ అనరు, 'ఈ'కీ 'ఎఫ్'కీ మధ్య నల్లమెట్టు లేదు కాబట్టి.

ఈ తికమక మనొక్కళ్లదే కాదు. 11వ శతాబ్దంలో ఇటలీలో గ్వీదో అనే సన్యాసి ఒక లాటిన్ స్తోత్రం పంక్తుల మొదటి అక్షరాలతో ఉత్, రే, మి అని నేర్పాడు. ఆ ఉత్ తర్వాత దో అయింది. ఇవాళ ఫ్రాన్సులో, ఇటలీలో దో అంటే సీ, కదలదు. 19వ శతాబ్దంలో ఇంగ్లండులో కర్వెన్ అనే ఆయన ప్రచారం చేసిన పద్ధతిలో దో మన స లాగే కదులుతుంది. జర్మన్లది మరో చిక్కు. వాళ్లు బీ అనేది మన ఏ షార్ప్‌ని, మన బీని హెచ్ అంటారు. అందుకే అక్కడి స్వరకర్త బాఖ్ (Bach) తన ఇంటిపేరులోని నాలుగక్షరాల్నీ స్వరాలుగా వాడుకోగలిగాడు: బీ, ఏ, సీ, హెచ్.

హిందూస్తానీ పుస్తకం పక్కన పెట్టుకున్నవాళ్లకి ఒక్క మాట: వాళ్ల శుద్ధ రి మన చతుశ్రుతి రి (స నుంచి రెండు మెట్లు ఎక్కితే వచ్చేది). మన శుద్ధ రిని (ఒక మెట్టు ఎక్కితే వచ్చేదాన్ని) వాళ్లు కోమలం అంటారు.

రాత గుర్తులు సులువే. పైన చుక్క తారస్థాయి (పై వరుస స్వరాలు), కింద చుక్క మంద్రం (కింది వరుస). స ఒక అక్షరకాలం (స్వరం ఎంతసేపో చెప్పే కొలత), సా రెండు. కామా ఒకటి పొడిగిస్తుంది, సెమీకోలన్ రెండు.

సాధన సంగతి మర్చేపోయాను. 12 మెట్లలో ఒక్కోదాన్నీ స అనుకుని మాయామాళవగౌళ రాయండి, ఏడేసి స్వరాలు. కాగితం మీదే, కీబోర్డు ముట్టుకోకుండా. నల్లమెట్లన్నిటికీ షార్ప్ పేర్లే వాడండి. మొత్తం 84 పేర్లొస్తాయి. అయ్యాక లెక్కపెట్టండి, ప్రతి మెట్టూ సరిగ్గా ఏడుసార్లు రావాలి. ఏదైనా ఎనిమిదిసార్లు కనబడితే ఎక్కడో మెట్టు తప్పారు, ఆ వరుస మొదటినుంచీ మళ్లీ ఎక్కండి.