క్వెస్ట్ రాద్దాం – 4: కథ పరుగెత్తమంటే, ఆట ఊళ్లు తిరగమంటే

వీడియో గేమ్‌లో ప్లేయర్‌కిచ్చే పనిని క్వెస్ట్ అంటాం, అసలు కథకి పక్కన వచ్చేది సైడ్ క్వెస్ట్. పోయిన పాఠంలో ప్రతి సైడ్ క్వెస్ట్‌కీ ఒక కారణం రాసుకున్నాం. ఈ పాఠం ఒక వాదనలోంచి పుట్టింది. ఆదివారం సాయంత్రం విశాఖ ఆర్కే బీచ్‌లో, కురుసుర సబ్‌మెరైన్ దగ్గర గట్టు మీద కూర్చుని మా వాళ్లు రెండు గంటలు పోట్లాడుకున్నారు.

“కూతురి కోసం ఊళ్లన్నీ గాలిస్తున్నవాడు దారిలో ఆగి పేకాట ఆడతాడా గురూ? కథే తప్పు!”

“తిరగడానికే కదా ఆ ఆట కొనుక్కున్నది!”

గొడవంతా 2015లో వచ్చిన ద విచర్ 3 అనే వీడియో గేమ్ గురించి. అందులో హీరో గెరాల్ట్ తను పెంచిన సిరి కోసం వెతుకుతుంటాడు. మనం మాత్రం కనిపించిన వ్యాపారితోనల్లా గ్వెంట్ అనే పేకాట ఆడుతుంటాం.

‘కథ బాలేదు’ అన్నప్పుడు ముందు తేల్చుకోవలసింది ఒకటుంది. సంఘటనల వరస బాలేదా, ఆ సంఘటనల దగ్గరికి ప్లేయర్‌ని తీసుకెళ్లే దారి బాలేదా? మొదటిది కథా నిర్మాణం, రెండోది క్వెస్ట్ డిజైన్. సిరి కథలో నాకు లోపం కనిపించదు. కథ తొందరపెడుతున్నా ఆటలో ఆ తొందర లేకపోవడమే చిక్కు.

అదే ఆటలో దీనికి మందు కూడా ఉంది. సిరి సంగతి బ్లడీ బారన్ అనే దొరకి తెలుసు. కానీ తన భార్యనీ కూతురినీ వెతికిపెడితేనే మిగతాది చెబుతానంటాడు. దారి మళ్లినట్టే ఉంటుంది గానీ మనం నడుస్తున్నది సిరి వైపే. పైగా, కూతురి కోసం తిరుగుతున్న తండ్రి ఎదుట, ఇంట్లోవాళ్లని తన చేతులారా దూరం చేసుకున్న తండ్రిని నిలబెట్టారు. ఆ ఆట మొత్తంలో నన్ను ఇంతగా కదిలించిన రచన ఇంకోటి లేదు.

రెండో మందు గడువు. ఫాంటసీ కాకపోయినా 1997 నాటి ఫాల్అవుట్ చూడండి: తన వాళ్ల నీళ్ల యంత్రానికి కావలసిన చిప్ తేవడానికి హీరోకి 150 రోజులు, దాటితే ఆట ముగిసినట్టే. గడువంటే కొందరికి టెన్షన్. అందుకే ఊరి జీవితంలో ముందే ఉన్న గడువుని వాడుకోమంటాను.

మన ఫిషింగ్ హార్బర్‌నే తీసుకుందాం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, వేట నిషేధం. మరబోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. వలలు బాగుచేసుకోవడం, బోట్లకి రంగులేసుకోవడం అన్నీ అప్పుడే. మన ఆటలో డాల్ఫిన్స్ నోస్ కొండ మీది లైట్‌హౌస్ దీపాన్ని ఏదో శక్తి ఆర్పేసిందనుకోండి. నిషేధం ముగిసి బోట్లు కదిలే రాత్రికి అది వెలగాలి. ‘త్వరగా రా’ అని ఎవరూ అరవక్కర్లేదు. వలలు బాగుచేసే అవ్వ దగ్గర ఓ పూట కూర్చున్నా తప్పు లేదు, ఎందుకంటే ఆ వల కూడా ఆ రాత్రే సముద్రంలోకి వెళ్తుంది.

ఈ వారం పని: ఆ 61 రోజుల్లో పట్టే సైడ్ క్వెస్ట్‌లు మూడు రాయండి. ప్రతిదానికీ రెండు వాక్యాలు చాలు: పని చేస్తే ఆ రాత్రి ఏం మారుతుంది, చేయకపోతే ఏం మారుతుంది. రెండింటికీ ఒకే జవాబు వస్తే ఆ క్వెస్ట్ కొట్టేయండి, ఎంత ముద్దొచ్చినా సరే. వచ్చే పాఠంలో దీపం వెలగకుండానే బోట్లు బయల్దేరతాయి. అక్కడి నుంచి కథని ఎలా నడపాలో చూద్దాం.